పలకని బటన్లు

పొద్దున లేచింది మొదలు మనం ఎన్నో బటన్లు నొక్కుతూ ఉంటాం. గుమ్మం దగ్గర గంట మోగించడానికి ఒకటి, మిక్సీ ఆడించడానికి ఒకటి, లిఫ్టులో పై అంతస్తుకు పోవడానికి ఒకటి. చొక్కాకు ఉండే బొత్తాన్నీ ఇంగ్లీషులో బటన్ అనే అంటారు కాని, ఈ పాఠంలో మనం చెప్పుకునేది నొక్కే బటన్ గురించి.

ఈ బటన్లలో చాలావాటికి ఒక మంచి గుణం ఉంది. అవి చేతికి తగులుతాయి. చీకట్లో కూడా తడిమి పట్టుకోవచ్చు. బటన్ల టెలిఫోనులో 5 అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది. ఆ ఒక్కటి తెలిస్తే చుట్టూ ఉన్న మిగతా అంకెలు వాటంతట అవే తెలుస్తాయి. కంప్యూటరు కీబోర్డు మీద ఎఫ్, జె అనే అక్షరాలకు కూడా అలాంటి చిన్న గుబ్బలు ఉంటాయి. ఈసారి కీబోర్డు దొరికినప్పుడు కళ్లు మూసుకొని తడిమి చూడండి. కొన్ని లిఫ్టులలో బటన్ల పక్కన ఆరు చుక్కల బ్రెయిలీ లిపి కూడా ఉంటుంది.

కంప్యూటరు తెర మీది బటన్ ఇలాంటిది కాదు. అది అద్దం వెనుక వెలిగే బొమ్మ మాత్రమే. ఎంత తడిమినా నున్నని గాజు తప్ప మరేమీ చేతికి తగలదు. మరి చూపులేనివారు ఆ బటన్‌ను ఎలా కనుక్కుంటారు? ఎలా నొక్కుతారు?

వారు చెవితో కనుక్కుంటారు. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిని స్క్రీన్ రీడర్లు అంటారు. మౌస్ అవసరం లేకుండా కీబోర్డుతోనే ఒక వస్తువు నుంచి మరొక వస్తువుకు పోతూ ఉంటే, స్క్రీన్ రీడర్ ప్రతిదాని పేరూ చెబుతుంది. చెవికి బదులు వేలికి తెలియజేసే సాధనాలు కూడా ఉన్నాయి. వాటిలో సన్నని సూదిమొనలు పైకి లేచి బ్రెయిలీ చుక్కలుగా ఏర్పడతాయి. మన దేశంలో 2011 జనాభా లెక్కల ప్రకారం చూపుకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వీరందరూ కంప్యూటరు వాడుతున్నారని కాదు. కాని వాడదలచిన వారికి స్క్రీన్ రీడరే కన్ను.

స్క్రీన్ రీడర్ పుట్టిన కాలంలో దాని పని సులభంగా ఉండేది. అప్పటి కంప్యూటరు తెర మీద బొమ్మలు లేవు. 25 వరుసలు, వరుసకు 80 అక్షరాలు, అంతే. ఆ అక్షరాలు కంప్యూటరు జ్ఞాపకంలో అక్షరాలుగానే ఉండేవి. వాటిని తీసి పలికిస్తే చాలు. అమెరికాలో ఐబిఎం సంస్థలో పనిచేసిన జిమ్ థాచర్ అనే గణితవేత్త ఇలాంటి ప్రోగ్రామును తయారుచేశాడు. అది 1980ల దశకంలో బయటికి వచ్చింది. ఆయనకు గురువూ, తరువాత అక్కడే సహోద్యోగీ అయిన జెస్సీ రైట్‌కు చూపు లేదు. పక్కన కూర్చున్న మనిషి అవసరం నుంచి పుట్టిన యంత్రం అది. టెడ్ హెంటర్ అనే ఆయన మోటారు సైకిలు పందాలలో పాల్గొనేవాడు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ఆయన స్థాపించిన సంస్థ 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను విడుదల చేసింది. జాస్ అనే పొట్టి పేరు వెనుక ఉన్న పూర్తి పేరుకు అర్థం 'మాట సాయంతో ఉద్యోగంలోకి దారి' అని. ఆ పేరులోనే దాని ఉద్దేశం ఉంది.

ఇంతలో కంప్యూటరు తెర మారిపోయింది. అక్షరాల స్థానంలో బొమ్మలు వచ్చాయి. కిటికీలు, బటన్లు, గుర్తులు వచ్చాయి. చూపున్నవారు ఎంతో సంతోషించారు. చూపులేనివారికి మాత్రం చేతిలోని పని జారిపోయే పరిస్థితి వచ్చింది. బొమ్మలో అక్షరం ఉండదు, రంగు చుక్కలు ఉంటాయి. రంగు చుక్కల గుంపును చూసి 'ఇది బటన్' అని స్క్రీన్ రీడర్ ఎలా చెప్పగలదు? దీనికి ఒక ఉపాయం ఆలోచించారు. బొమ్మను గీసే ప్రోగ్రామే, తాను గీసినది ఏమిటో కంప్యూటరుకు విడిగా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ సంస్థ 1997లో విండోస్ కోసం అలాంటి ఏర్పాటు చేసింది. అప్పటినుంచి తెర మీది ప్రతి వస్తువుకూ రెండు రూపాలు. ఒకటి కంటికి కనిపించేది. రెండోది స్క్రీన్ రీడర్ చదివేది. మొదటి రూపం ఎంత అందంగా ఉన్నా రెండోది ఖాళీగా ఉంటే, ఆ వస్తువు ఉండీ లేనట్టే.

ఈ రెండో రూపంలో ముఖ్యంగా మూడు విషయాలు ఉండాలి. ఆ వస్తువు పేరు ఏమిటి, అది చేసే పాత్ర ఏమిటి, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. 'జూలై నెల, బటన్, నొక్కి ఉంది' అని వినిపించిందనుకోండి. జూలై నెల అన్నది పేరు. బటన్ అన్నది పాత్ర. నొక్కి ఉంది అన్నది స్థితి. నాలుగైదు మాటలలో మొత్తం బోధపడుతుంది.

ఇప్పుడు ఒక దత్తాంశ నివేదికను తీసుకుందాం. దత్తాంశం అనే మాట గణితంలో మీకు తెలిసినదే. సేకరించిన అంకెల సమూహం అది. పూర్వం ఇలాంటి అంకెలను కాగితం మీద పట్టికగా వేసేవారు. ఇప్పుడు తెర మీద నివేదికగా పెడుతున్నారు. అందులో కమ్మీ చిత్రాలు ఉంటాయి, వృత్తరేఖా చిత్రాలు ఉంటాయి, వాటిని మార్చడానికి బటన్లు ఉంటాయి. ఒక జిల్లాలోని తాలూకాల వర్షపాతం నివేదిక అనుకోండి. పైన జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలలకు నాలుగు బటన్లు. కుడివైపు మూడు బొమ్మ బటన్లు. గరాటు బొమ్మ నొక్కితే మనకు కావలసిన తాలూకాలను మాత్రమే ఏరుకోవచ్చు. కిందికి చూపే బాణం నొక్కితే అంకెలు మన కంప్యూటరులోకి దిగుతాయి. గుండ్రంగా తిరిగిన బాణం నొక్కితే నివేదిక మళ్లీ మొదటికి వస్తుంది.

చూడగలిగినవారికి ఈ మూడు బొమ్మలు చాలు. స్క్రీన్ రీడర్‌తో వినేవారికి ఏమి వినిపిస్తుంది? తయారుచేసినవారు పేర్లు పెట్టకపోతే, 'బటన్, బటన్, బటన్' అని వినిపిస్తుంది. ఒక్కొక్కసారి ఇంతకంటే వింతగా, బొమ్మను దాచుకున్న ఫైలు పేరును చదువుతుంది. 'ఐకాన్ మూడు కొత్తది చివరిది డాట్ పిఎన్‌జి, బటన్' అని వినిపిస్తే నొక్కే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇది వేళాకోళానికి చెప్పే మాట కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతానికి తక్కువ కాకుండా వికలాంగులకు కేటాయించాలి. అందులో 1 శాతం చూపులేనివారికీ, చూపు మందగించినవారికీ. చూపులేని ఒక అమ్మాయి చదివి, పరీక్ష రాసి, అలా ఒక కార్యాలయంలో ఉద్యోగం సంపాదించుకుంది అనుకోండి. 'జూలైలో ఏ తాలూకాలో వాన తక్కువ?' అని పై అధికారి అడిగాడు. జవాబు ఆమె ముందున్న నివేదికలోనే ఉంది. నాలుగు నెలల బటన్లకూ పేర్లు లేవు. పక్క బల్ల దగ్గరి వారిని పిలిచి అడగాలి. ఒకరోజు అడిగితే సాయం. రోజూ అడగవలసి వస్తే, ఆమెకు ఆ పని రాదనే అనుకుంటారు. పని ఆమెకు బాగా వచ్చు. బటన్‌కు పేరు లేదు, అంతే.

బటన్‌కు పేరు పెట్టడం తేలికే అనిపిస్తుంది. కాని కాస్త ఆలోచించి పెట్టాలి. పేరు బొమ్మను వర్ణించకూడదు, పనిని చెప్పాలి. 'కిందికి చూపే బాణం' అని పేరు పెట్టితే వినేవారికి ఒరిగేది ఏమీ లేదు. 'అంకెలు దింపుకో' అంటే తెలుస్తుంది. పేరులో మళ్లీ 'బటన్' అనే మాట చేర్చకూడదు. ఆ మాటను స్క్రీన్ రీడర్ తానే చెబుతుంది. మనమూ చేర్చితే 'అంకెలు దింపుకో బటన్, బటన్' అని రెండుసార్లు వినిపిస్తుంది. 'ఇక్కడ నొక్కండి' అనే పేరు ఇంకా చెడ్డది. తెర మీది బటన్లన్నిటినీ ఒక జాబితాగా వినే సౌకర్యం స్క్రీన్ రీడర్లలో ఉంది. ఆ జాబితాలో 'ఇక్కడ నొక్కండి' అని అయిదుసార్లు వినిపిస్తే, ఎక్కడ నొక్కాలి? తెర మీద కంటికి కనిపించే మాటలు ఉంటే, చెవికి వినిపించే పేరులో కూడా అవే మాటలు ఉండాలి. చేతులు కదపలేనివారు కొందరు నోటితో ఆజ్ఞలిచ్చి బటన్లు నొక్కిస్తారు. వారు కనిపించిన మాటనే పలుకుతారు గదా.

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. దీన్ని ఇంగ్లీషు పుస్తకాలలో వెతికితే దొరకదు. అలవాటు పడినవారు స్క్రీన్ రీడర్‌ను చాలా వేగంగా వింటారు. మొదటి మాట వినగానే, అది తమకు కావలసినది కాకపోతే వెంటనే తరువాతి దానికి పోతారు. ఇంగ్లీషులో ఆజ్ఞ చెప్పే వాక్యానికి క్రియ మొదట వస్తుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. 'జూన్ నెల వర్షపాతం పట్టికను దింపుకో', 'జూన్ నెల వర్షపాతం పట్టికను ముద్రించు' అనే రెండు బటన్లను చూడండి. నాలుగు మాటలు ఒకటే. తేడా అయిదో మాటలో ఉంది. వినేవారు ప్రతిసారీ చివరిదాకా ఆగాలి. ఇంగ్లీషు పేరును యథాతథంగా తెలుగులోకి మార్చితే వచ్చే ఇబ్బంది ఇది. అందుకని రెండింటికీ సమానమైన భాగాన్ని తీసి, ఆ బటన్ల గుంపుకు 'జూన్ పట్టిక' అని ఒక్కసారి పేరు పెట్టాలి. లోపలి బటన్లకు 'దింపుకో', 'ముద్రించు' అని ఉంచాలి. గుంపులోకి ప్రవేశించినప్పుడు గుంపు పేరు ఒకసారి వినిపిస్తుంది. తరువాత పొట్టి మాటలు చాలు.

మరొక చిక్కు మీలో చాలామందికి అనుభవంలో ఉన్నదే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో. ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో మనకు ముఖం చూడగానే తెలుస్తుంది. స్క్రీన్ రీడర్‌కు మాత్రం ఎవరైనా చెప్పాలి. పేజీ ఏ భాషలో ఉందో తెలిపే చిన్న గుర్తు ఒకటి పేజీలో రాస్తారు. తెలుగుకు 'టి, ఇ' అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. కన్నడానికి 'కె, ఎన్'. తమిళానికి 'టి, ఏ'. ఒక పేజీలో రెండు భాషల బటన్లు ఉంటే, వేరే భాషలో ఉన్న బటన్‌కు దాని గుర్తు విడిగా పెట్టాలి. ఆ గుర్తు లేకపోతే తెలుగు మాటను ఇంగ్లీషు గొంతు పలకబోయి తడబడవచ్చు, లేదా ఏమీ పలకకుండా దాటిపోవచ్చు.

తెలుగు, కన్నడ లిపులు కంటికి అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. కంప్యూటరు వాటిని ఎన్నడూ తారుమారు చేయదు. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది. తెలుగుకు కేటాయించిన సంఖ్యలు 3072 నుంచి 3199 వరకు. కన్నడానివి 3200 నుంచి 3327 వరకు. ఇక్కడ కూడా ఇరుగు పొరుగు ఇళ్లే. మన 'క' సంఖ్య 3093. కన్నడ 'క' సంఖ్య 3221. అయితే యూనికోడ్ వాడుకలోకి రాకముందు తయారైన కొన్ని తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలనే వాడుకొని, వాటి మీద తెలుగు ఆకారాన్ని తొడిగాయి. అలాంటి ఫాంటుతో రాసిన బటన్ కంటికి చక్కని తెలుగు. చెవికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుస.

పేరు తరువాత పాత్ర సంగతి. వెబ్ పేజీలు రాసే భాషలో బటన్ కోసమే ఒక మాట ఉంది. దానితో చేసిన బటన్‌ను ట్యాబ్ మీటతో చేరుకోవచ్చు, ఎంటర్‌తో గాని స్పేస్‌తో గాని నొక్కవచ్చు. ఇవన్నీ ఉచితంగా వస్తాయి. కాని కొందరు మామూలు గడికి రంగు వేసి, అంచులు గుండ్రంగా చేసి, దాన్ని బటన్‌లా కనిపింపజేస్తారు. మౌస్‌తో నొక్కితే అది పనిచేస్తుంది. కీబోర్డుకు అందదు. స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. పెళ్లిపందిట్లో అట్టతో చేసిన స్తంభం లాంటిది అది. దూరం నుంచి బాగుంటుంది, ఆనుకుంటే తెలుస్తుంది.

స్థితి విషయంలో పొరపాట్లు ఎక్కువ. నివేదికలలో ఎంచుకున్న నెల బటన్‌కు ముదురు రంగు వేస్తారు. రంగు చెవికి వినిపించదు. 'నొక్కి ఉంది' అనే స్థితిని విడిగా చెప్పాలి. కొందరు అతిజాగ్రత్తగా పేరునూ స్థితినీ రెండింటినీ మార్చుతారు. 'పట్టిక చూపు' అనే బటన్ నొక్కగానే దాని పేరు 'పట్టిక దాచు' అని మారుతుంది, పైగా 'నొక్కి ఉంది' అని కూడా వినిపిస్తుంది. 'పట్టిక దాచు, నొక్కి ఉంది' అంటే ఏమిటి అర్థం? పట్టిక ఇప్పుడు దాగి ఉందా, కనిపిస్తున్నదా? పేరును మార్చాలి, లేదా స్థితిని మార్చాలి. రెండూ కలిపి మార్చకూడదు.

నొక్కిన తరువాత ఏమి జరిగిందో తెలియడం ఇంకొక ముఖ్య విషయం. నివేదికలలో అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఇదేనని నా అభిప్రాయం. జూలై బటన్ నొక్కగానే కమ్మీలు పెరుగుతాయి, తగ్గుతాయి. చూసేవారికి ఆ కదలికే సమాధానం. వినేవారికి నిశ్శబ్దం. నొక్కానా లేదా అనే సందేహంతో మళ్లీ నొక్కుతారు. దానికి ఉపాయం ఉంది. తెరలో ఒక చిన్న భాగాన్ని 'మారితే చెప్పు' అని గుర్తుపెట్టి ఉంచవచ్చు. అక్కడ 'జూలై నెల, 7 తాలూకాలు' అనే వాక్యం రాగానే, వినేవారు ఉన్నచోటనే ఉండగా స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతుంది. నడుస్తున్న మాటను తుంచకుండా, అది పూర్తయ్యాక మర్యాదగా చెప్పేటట్లు కూడా పెట్టవచ్చు.

నొక్కగానే బటన్ మాయమయ్యే నివేదికలు కొన్ని ఉన్నాయి. రెండు బటన్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకటి దాచి మరొకటి చూపిస్తారు. చూసేవారికి అది ఒకే బటన్ మారినట్లు ఉంటుంది. కీబోర్డుతో ఆ బటన్ మీద నిలిచి ఉన్నవారికి మాత్రం కాలికింది మెట్టు తీసేసినట్లు ఉంటుంది. అప్పుడు తెర మొదటి నుంచి మళ్లీ నడవవలసి రావచ్చు.

మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో విడుదల చేసిన పవర్ బిఐ అనే ప్రోగ్రాముతో ఇలాంటి నివేదికలు తయారుచేస్తారు. అందులో ప్రతి బటన్‌కూ, ప్రతి చిత్రానికీ ప్రత్యామ్నాయ వచనం అనే గడి ఉంది. 250 అక్షరాల దాకా రాయవచ్చు. ట్యాబ్ నొక్కుతూ పోతే ఏది ముందు రావాలి, ఏది తరువాత రావాలి అనే వరుసనూ నిర్ణయించవచ్చు. అలంకారానికి పెట్టిన గీతలనూ రంగు గడులనూ ఆ వరుసలోంచి తీసేయవచ్చు. చిత్రం మీద ఉండగా ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్ 11 కలిపి నొక్కితే, అందులోని అంకెలు పట్టికగా వస్తాయి. కమ్మీ చిత్రాన్ని చెవితో చూడలేకపోయినా పట్టికను గడి గడిగా వినవచ్చు.

ప్రత్యామ్నాయ వచనంలో ఒక మోసం ఉంది, జాగ్రత్తగా చూడాలి. 'హెచ్చు వాన ఫలానా తాలూకాలో' అని అక్కడ రాసి పెట్టారనుకోండి. జూన్‌కు అది నిజం. జూలై బటన్ నొక్కగానే చిత్రం మారుతుంది, రాసిన వాక్యం మారదు. చూసేవారికి సరైన జవాబు, వినేవారికి తప్పు జవాబు. పేరు లేకపోవడం కంటే ఇది ఎక్కువ హాని. అంకెలతోపాటు మారే వాక్యాన్ని సూత్రం ద్వారా అక్కడ పెట్టే వీలు పవర్ బిఐలో ఉంది. అంత శ్రమ పడలేకపోతే, మారే సంగతులను అక్కడ రాయకపోవడమే మేలు.

చూపు మందగించినవారికి మరికొన్ని కొలతలు ఉన్నాయి. వెబ్ పేజీలు అందరికీ అందేటట్లు చేయడానికి అంతర్జాతీయ సూత్రాలు మొదట 1999లో వచ్చాయి. వాటి 2.2 కూర్పు 2023 అక్టోబరులో వెలువడింది. అక్షరాల రంగుకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1 ఉండాలని, వేలితో నొక్కే బటన్ అటూ ఇటూ కనీసం 24 పిక్సెళ్లు ఉండాలని అవి చెబుతాయి. మన సుప్రీం కోర్టు 2025 ఏప్రిల్ 30న ఇచ్చిన ఒక తీర్పులో, కంప్యూటరు సేవలు అందరికీ అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది.

మీ బడిలో కంప్యూటరు ఉంటే ఇవన్నీ పరీక్షించి చూడవచ్చు. ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్‌ను డబ్బు లేకుండా పొందవచ్చు. జాస్ లాంటివి ఎక్కువ ధర పెట్టి కొనవలసి వస్తున్నదని, చూపులేని మైఖేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. చూపులేని అతని మిత్రుడు జేమ్స్ టే తోడయ్యాడు. దాన్ని తెరిచి, ఏదైనా ఒక పేజీలో బి అక్షరం నొక్కితే తరువాతి బటన్‌కు పోతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. అది పనిచేస్తున్నప్పుడు ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు వెంటవెంటనే తాకితే నొక్కినట్లు. కాబట్టి దాన్ని మొదలుపెట్టే ముందు, ఎలా ఆపాలో పెద్దవారి దగ్గర తెలుసుకోండి. లేకపోతే ఫోను మీ మాట వినడం లేదని కంగారు పడతారు.

మౌస్‌ను పక్కన పెట్టండి. తెరను ఆర్పివేయండి, లేదా ఒక గుడ్డ కప్పండి. మీ తోటివారిలో ఒకరు ప్రశ్న అడగాలి: 'జూలైలో ఏ తాలూకాలో వాన తక్కువ?' మరొకరు వింటూ జవాబు వెతకాలి. ఎక్కడ ఆగిపోయారో, ఏ బటన్ దగ్గర తికమక పడ్డారో మూడోవారు కాగితం మీద రాసుకోవాలి. అయితే మీరు కళ్లు తెరిచి చదవడానికి అలవాటు పడినవారు. రోజూ స్క్రీన్ రీడర్ వాడేవారు దొరికితే వారినే కూర్చోబెట్టి, మాట్లాడకుండా పక్కన నిలబడి చూడండి. మీకు పది నిమిషాలు పట్టిన చోట వారు అరనిమిషంలో దాటిపోతారు. మీరు గమనించనే గమనించని చోట ఆగిపోతారు. ఆ చోటు కూడా కాగితం మీద రాసుకోండి.